గట్టమ్మ నడుముకు కట్టిన తాడు

జర దగ్గరికి జరుగుండ్రి బిడ్డా. ఆ గడప కాడ కూసుంటె సగం మీకు, సగం గాలికి పోతది. ఈ ముచ్చటను సగం ఇన్నోళ్ళే చెడగొట్టిండ్రు. గద్వాల అంగట్ల ఒక తీరు చెప్తరు, వనపర్తి బస్సుల ఇంకో తీరు చెప్తరు. ఈదమ్మకు అమ్మోరు పూనిందని, అందుకే గట్ల చేసిందని అంటరు. అమ్మోరు లేదు, ఏం లేదు. ఆ పొద్దు ఏమైందో మొదటి నుంచి చెప్త, నడుమ లేవకుండ ఇనుండ్రి.

గద్వాలకు అవతల ఎర్రగట్టు అని ఒక ఊరున్నది. సగం ఊరు చేన్లకు పోతది, సగం ఊరు మగ్గం గుంతల కాళ్ళు పెట్టుకొని కూసుంటది. చీరె నేసే చెయ్యి, జొన్న కోసే చెయ్యి ఏడాదికొక్కసారి ఒక్కకాడ కలుస్తయి. కోతలైపోయినంక గట్టురాజు ఆట ఆడ్తరు. హార్మోనియం, మద్దెల, డప్పులు, పాటలు. పొద్దు నెత్తి మీదికొచ్చినప్పుడు మొదలువెడ్తె పొద్దు గూకే యాళకు రాజు చావాలె. అదీ ఆట.

కథ అందరికి తెల్సిందే. గట్టురాజు కోట కాడికి ఒక ఆడామె కుండ పట్టుకొని గుక్కెడు నీళ్ళకొస్తది. రాజు కుండ పగలగొడ్తడు, ఆమె తల పగలగొడ్తడు. చచ్చిన ఆడామె గట్టమ్మై లేచొచ్చి, పొద్దు మునిగేటప్పుడు రాజు తల తీస్తది. ఇగ గా చివరి పాట కాడ డప్పుల మీద డప్పులు పడ్తుంటె ఏషం కట్టిన మనిషి మనిషి లెక్క ఉండదు. ఎనకట ఒక ఏడు గట్లనే మీదపడి రాజు ఏషగాని రొమ్ము చీరిందట. అప్పటిసంది గట్టమ్మ నడుముకు తాడు కడ్తరు, ఎనకనుంచి ఒకరు గుంజి పట్టుకుంటరు. ఎవరు బడితె వాళ్ళు పట్టొద్దు. రాజు ఇంటి మనిషే పట్టాలె. రాజు పానం మీద తీపి ఉన్నోళ్ళ చేతులనే తాడు గట్టిగుంటదని పెద్దలు పెట్టిన కట్టుబాటు అది.

రాజు ఏషం శివది. మగ్గపోడే. ఆని గొంతు ఇంటె చేదబాయి కాడ ఆడోళ్ళు చేద సగంల ఆపి నిలబడేటోళ్ళు. గొంతు తియ్యగుంటది, చెయ్యి పాడుది. ఆని పెండ్లాము గీత. ఒకనాడు అంచు, చీరె కలిసే కాడ పోగు తప్పిందని నాడెతోని కొట్టిండు. నాడె అంటె మీకేం తెల్సు, మగ్గంల ఇటు నుంచి అటు ఉరికే చెక్కది, రెండు కొసలకు ఇనుప మొన ఉంటది. ఆ మొన పోయి గీత ఎడమ చెవి మీద తగిలింది. చెవిలకెళ్ళి నెత్తురు కారి నేసిన చీరె మీద పడ్డది. ఆడు చెవిని జూడలేదు, చీరెకు మరక పడ్డదని ఇంకోటి కొట్టిండు.

గద్వాల దవాఖానల ఆ చెవి ఇగ ఇనపడదన్నరు. శివ ఊరంత ఒక్కటే మాట చెప్పిండు. "మగ్గం గుంతల కాలుజారి పడ్డది. పోగు గుద్దే పలక తగిలింది." చూసినోళ్ళు ఎవ్వరు లేరు. గీత అక్క ఇంటికొచ్చి పడ్డది.

అక్క ఈదమ్మ. మొగడు సచ్చినంక ఒక్కతే మగ్గం నడుపుకుంటున్నది. పెద్ద మనిషి చెన్నయ్య కాడికి పోయి అడిగింది. చెన్నయ్య శివకు పెదనాయిన అయితడు, ఆటకు పెద్ద, పంచాయతికి పెద్ద.

"ఆట అయిపోనీ ఈదమ్మా. తెల్లారి కూసుందాం. గుంతల పడ్డదానికి మొగుణ్ణి ఇడిసిపెడ్తరా ఎవలన్న? జర సమజ్ చేసి పంపియ్యాలె గాని."

"పడలేదు పెద్దయ్యా. కొట్టిండు."

"నువ్వు చూసినవా?"

ఈదమ్మ చూడలేదు. చెన్నయ్య చుట్ట ముట్టించుకున్నడు. ఆ చుట్ట ముట్టించుడుతోనే ఆమెకు తెల్సింది, తీర్పు అయిపోయిందని. ఆట తెల్లారి గీతను ఆనింటికి తోలిస్తరు. ఈసారి చెవి కాదు, పానమే పోతది. ఇంటికొచ్చి మగ్గం మీద కూసున్నది, పోగు ముట్టలేదు. మనసుల ఒక్కటే అనుకున్నది. ఆట తెల్లారేదాక శివ బతకొద్దు.

ఏషాల ఎంపిక పంచాయతి ఆఫీసు అరుగు మీద పెట్టిండ్రు. వనపర్తి నుంచి పెంటయ్య పంతులు హార్మోనియం ఏసుకొని ఒచ్చిండు. ముసలాయన, కండ్లకు పొరలొచ్చి మనుషులు మబ్బుల లెక్క కనపడ్తరు. చెవి మాత్రం చీమ నడిస్తె చెప్తది. గట్టమ్మ ఏషం ఎప్పుడు సీతారాములు కట్టేటోడు. ఆయనకు పక్షవాతం ఒచ్చి మంచం పట్టిండు. కొత్త మనిషి కావాలె.

ఒకడు లేచి పాడిండు. పై శృతి కాడ గొంతు చీలిపోయింది.

"నాయినా, నువ్వు గట్టమ్మవు కాదు, గట్టమ్మ పగిలిన కుండవు," అన్నడు పెంటయ్య. అరుగంత నవ్విండ్రు. ఇంకొకడు పాడిండు. "నువ్వు పాడితె రాజు చావడు, నిద్రపోతడు," అన్నడు.

అప్పుడు ఆడోళ్ళల్ల నుంచి ఈదమ్మ లేచింది. కొంగు నడుముకు చెక్కింది.

"నేను పాడ్త పంతులూ."

"ఏంది, ఆడామెనా?" అన్నడు చెన్నయ్య. "మన ఊర్ల ఆడది ఏషం కట్టిందా ఎన్నడన్న?"

"గట్టమ్మ మొగోడా పెద్దయ్యా?"

ఎవ్వరు ఏమనకముందే శివ నవ్విండు. మీసం దువ్వుకుంట అన్నడు: "రానీ పెదనాయినా. మా వొదినెకు రంగు పుయ్యాల్సిన పని లేదు. మొగమే గట్టమ్మ మొగం."

నవ్విండ్రు. ఈదమ్మ నవ్వలేదు. హార్మోనియం శృతి పట్టింది, ఆమె అందుకున్నది.

"కుండ పగిలిన కాడ నీళ్ళు గుక్కెడైన లేవు రాజా,
గుండె పగిలిన కాడ చూడు ఏరు పారుతున్నది!
దూపయని నేనడిగితె తల కొట్టి ఇడిసిపోతివి,
పొద్దు గూకే యాళ వస్త, నీ పొద్దు ముంచ వస్త!"

ఆ "వస్త" కాడ గొంతు పైకి పోయి ఆడనే నిలబడ్డది. మగ్గం మీద ఏండ్లు ఏండ్లు ఊపిరి బిగవట్టి పలక గుద్దిన రొమ్ము అది. అరుగు మీద నవ్వు ఆరిపోయింది. పెంటయ్య చేతులు మెట్ల మీద ఆపిండు.

"ఎవరీమె?" అన్నడు. "ఎవరన్న గాని. ఏషం ఈమెదే. కాదంటె నా పెట్టె కట్టుకొని వనపర్తి బస్సు ఎక్కుత."

గట్ల ఏషం ఈదమ్మకొచ్చింది.

ఇగ రోజు పొద్దుగూకక ముందు అదే అరుగు మీద నేర్పుడు. మొదటి సీనుల రాజు నీళ్ళకొచ్చిన ఆడామెను కట్టెతోని కొట్టాలె. ఆటల కట్టె భూమి మీద పడాలె, చప్పుడు రావాలె, అంతే. శివ కట్టె ఈదమ్మ ఈపు మీదనే పడ్డది. మొదటి దెబ్బకు ఆమె ఎనకకు తిరిగి చూసింది.

"ఆటనే గద వొదినె," అన్నడు. "రాగంల ఉన్న, చెయ్యి ఆగలేదు."

తెల్లారి గూడ రాగంలనే ఉన్నడు. మూడో నాడు గూడ. చూసేటోళ్ళు "అబ్బ, ఏం కొడ్తుండు, నిజంగ కొట్టినట్టే ఉన్నది" అన్నరు. ఇంటికాడ గీత అక్క రవికె ఇప్పి ఆముదం రాసేటిది. ఈపంత నల్లగ, పచ్చగ గీతలు.

"అక్కా, ఈ ఏషం ఇడిసిపెట్టు. నన్ను కొట్టేది చాలకనా ఆనికి?"

"కొట్టనీ. చివరి సీను నాది."

చివరి సీనుల గట్టమ్మ చేతుల చెక్క కొడవలి ఉంటది, మీద తళతళ మెరిసే ఎండి కాయితం చుడ్తరు. ఈదమ్మ జొన్న కోసే కొడవలి తీసింది. నూరింది. గీత నీళ్ళకు పోయినప్పుడు అదే ఎండి కాయితం చుట్టి గోనె సంచుల పెట్టింది. తాడు గూడ లెక్క చూసుకున్నది. ఎనకనుంచి గుంజి పడ్తె కొడవలి కొస రాజు మెడకు జానెడు దూరంల ఆగుతది. ఎప్పుడు శివ తండ్రి పట్టేటోడు తాడు. ఆయన పోయినేడు సచ్చిపోయిండు. ఆని చిన్నాయన కొడుకు ఎవడో పడ్తడు, మొదలు కొడవలి ఎనకకు తిప్పి తాడు కోస్త, ఆనంక మెడ అనుకున్నది. జైలుకు పోతె పోత, గీత బతుకుతది అనుకున్నది.

ఆట పొద్దున చెన్నయ్య మైకుల చెప్పించిండు. మైకు సెట్టు బాలకృష్ణది, గొంతు సవరించుకొని గట్టిగ చదివిండు. "రాజు తండ్రి స్వర్గస్థులైనందున, రాజు ఇంటి మనిషి, రాజు పెండ్లాము గీతమ్మ ఈ ఏడు తాడు పట్టును!"

చూసిండ్రా బిడ్డా, ఎంత తెలివి! ఊరందరి ముంగట పెండ్లాము చేత్తోని మొగని పానం కాపాడిస్తె, తెల్లారి పంచాయతికి పనే లేదు. కాపాడిన చేత్తోనే ఆనింట్ల దీపం పెడ్తది అనుకున్నడు చెన్నయ్య. తాడు మీద ఉన్న కట్టుబాటు ఆయనకు బాగ తెల్సు. అది ఎందుకు పెట్టిండ్రో మాత్రం మర్చిపోయిండు.

ఇగ తాడు కొయ్యరాదని ఈదమ్మకు తెల్సింది. తాడు తెగితె పెండ్లామే ఇడిసింది అంటరు, గీతను గూడ జైల్ల ఏస్తరు. మొగానికి అర్దళం రంగు పూసుకుంట గీతను అడిగింది.

"గట్టిగ పడ్తవా తాడు?"

గీత ఎడమ చెవి అక్క దిక్కు తిప్పింది. ఇనపడని చెవి.

ఆట మొదలైంది. అలంపూర్ దిక్కు నుంచి గూడ ట్రాక్టర్లల్ల వచ్చిండ్రు జనం. మొదటి సీనుల శివ కట్టె ఇరిగేదాక కొట్టిండు ఈదమ్మను. నుదురు చిట్లి నెత్తురు కనుబొమ్మ మీదికి కారింది. జనం చప్పట్లు. "రాజుగారి ఏషానికి మెచ్చి చదివింపులు..." అని బాలకృష్ణ మైకుల పేర్లు చదువుతనే ఉన్నడు. శివ ముంగటికొచ్చి పాడిండు. ఏం పాడిండు బిడ్డా, అబద్ధం ఎందుకు, రాళ్ళు గూడ కరిగేతట్టు పాడిండు. గట్లాంటి గొంతు గట్లాంటోనికి ఎందుకిచ్చిండో దేవుడు, నాకు తెల్వదు.

పొద్దు గట్టు మీదికి ఒరిగింది. ఎర్రగ అయ్యింది జనమంత. గట్టమ్మ రావాలె. ఈదమ్మ జుట్టు ఇప్పుకొని, నడుముకు తాడుతోని, గోనె సంచులకెళ్ళి తీసిన కొడవలితోని లేచింది. ఎనక గీత తాడు రెండు చేతులకు చుట్టుకొని నిలబడ్డది. డప్పులు మొదలైనయి. ఈదమ్మ పాట ఎత్తుకున్నది, నాలుగు మూలలకు ఉరికింది, కొడవలి తిప్పింది. ముంగటికి ఉరికినప్పుడల్ల తాడు గుంజి ఆపుతున్నది. గట్టిగనే పట్టింది గీత. ఈదమ్మకు ఏడుపొచ్చింది. ఇంత కొట్టినా ఆని పానమే తీపా నీకు, అనుకున్నది. ఆ కోపం గూడ కలిసి, పెయ్యి బరువంత తాడు మీద ఏసి ముంగటికి ఒంగింది. ఇగ తాడు ఆపుతది అన్న ధైర్యంతోనే కొడవలి ఎత్తి మెడ మీదికి ఇసిరింది.

తాడు ఆపలేదు.

ఎనక చేతులు ఇడిసినయి. ఈదమ్మ పడ్డట్టే పోయి శివ మీద పడ్డది. తల తప్పించుకున్నడు గాని కొడవలి కొస భుజకీర్తిని చీల్చుకొని భుజంల దిగింది. భుజకీర్తి పొనికి కట్టెది, మెత్తగుంటది, వెన్నల దిగినట్టు దిగింది. శివ అరిసిండు. రాజు అరిసేటి అరుపు కాదు, గొర్రె అరిసినట్టు అరిసిండు. నెత్తురు చిమ్మి ఈదమ్మ మొగం మీద పడ్డది.

"ఆహా! ఏం ఆట!" అన్నరు జనం. నోట్లు ఎగిరినయి. బాలకృష్ణ చదువుతనే ఉన్నడు. కండ్లు కనపడని పెంటయ్య పాట ఇంక పైకి పోతుందనుకొని శృతి పెంచిండు.

ఈదమ్మ ఎనకకు తిరిగి చూసింది. గీత ఉత్త చేతులతోని నిలబడ్డది. చేతుల మీద తాడు ఒరుసుకున్న ఎర్రటి గీతలు. జారిపోలేదు. ఇడిసింది. ఈదమ్మ కొడవలి గుంజి మళ్ళ ఎత్తింది. ఈసారి మెడ తప్పది.

"అక్కా, ఆగు!"

గీత ఉరికొచ్చి ఆ చెయ్యి పట్టుకున్నది. ఎండి కాయితం చినిగి అసలు ఇనుము చూసింది. అది చెక్కది కాదని అప్పుడే తెల్సింది ఆమెకు.

"నువ్వు ఆని నరికితె నువ్వు జైలుకు పోతవు. నేను ముండమోస్త. ఆడు మంచోడైతడు. పాటగాడు శివ, అయ్యో పాపం అంటరు. వద్దక్కా. నాకియ్యి."

"కొడవలా?"

"తాడు."

అక్క నడుముకున్న తాడు ఇప్పింది గీత. మగ్గపు పడుగు మిగిలిన పోగులన్ని కలిపి పేనిన తాడు, తడిపితె గూడ తెగది. రెండు పొరలు మడిచి శివ ఈపు మీద కొట్టింది. ఆడు లేవబోతుంటె కాళ్ళ మీద కొట్టింది. కిరీటం ఊడి దొర్లింది. మోకాళ్ళ మీద పాకుతున్నోని చెంప మీద కొట్టింది. పూసల పేరు తెగి ముత్తేలు చెదిరిపోయినయి. తాడు గాలిల లేసినప్పుడల్ల ఒక్కటే మాట.

"చెప్పు. ఎట్ల పోయింది నా చెవి?"

మైకు వాసానికి ఏలాడుతున్నది, సరిగ్గ ఆళ్ళ నెత్తి మీదనే. ఒక్కొక్క దెబ్బ చప్పుడు గట్టు దాకా పోయి తిరిగొస్తున్నది.

"చెప్పు! గుంతల పడ్డన్నా?"

"గీతా... ఒసేయ్..."

"చెప్పు!"

"కొట్టిన! కొట్టిన నేను! నాడెతోని కొట్టిన! ఇడిసిపెట్టే, సచ్చిపోత!"

ఆ తియ్యటి గొంతే. ఊరంత ఇన్నది. అలంపూర్ ట్రాక్టర్లోళ్ళు ఇన్నరు. అప్పుడు పోయింది జనానికి ఆట మత్తు. చప్పట్లు ఆడనే తెగిపోయినయి. ముంగట కూసున్న ఆడామె ఒకామె "ఓ అమ్మా, అది అసలు నెత్తురే" అన్నది.

"మైకు బందు చెయ్యిరా!" అని చెన్నయ్య కేకలు. బాలకృష్ణ వేలు బటన్ మీదనే ఉన్నది. నొక్కలేదు. ఎందుకు నొక్కలేదని తర్వాత అడిగితె, "మా అక్క గూడ గుంతల పడ్డది ఒకసారి" అన్నడు.

శివ పాలోళ్ళు, ఆని దాయాదులు, మీదికి ఎక్కిండ్రు. గీతను జుట్టు పట్టి గుంజబోతె ఈదమ్మ అడ్డం పోయింది. కొడవలి ఎప్పుడో పారేసింది, ఉత్త చేతులే. ఇరిగిన రాజు కట్టె ముక్కతోని ఆమె కుడి మణికట్టు మీద కొట్టిండ్రు, ఎముక ఇరిగిన చప్పుడు మైకుల ఇనపడ్డది. హార్మోనియం తన్నిండ్రు. అప్పుడుగాని పెంటయ్య శృతి ఆపలేదు. అంతల జనమే లేచి అడ్డం పడ్డరు, ఆడోళ్ళు ముంగట. పొద్దు మునిగింది. రాజు మాత్రం సావలేదు ఆ ఏడు.

పోలీసులొచ్చిండ్రు. గద్వాల దవాఖానల ఇద్దరిని చెరొక మూలకు పండవెట్టిండ్రు, శివ భుజానికి కుట్లు, ఈదమ్మ చేతికి కట్టు. కొడవలి ఎవరిదని అడిగితె "నాదే" అన్నది ఈదమ్మ, తల ఒంచకుండ. ఆ కేసు ఇంక నడుస్తనే ఉన్నది, వాయిదాలకు బస్సెక్కి పోతది. శివను తాడుతోని కొట్టినందుకు గీత మీద పెట్టిన కేసు గూడ నడుస్తున్నది. తెల్లారి పంచాయతి కూసున్నది. చెన్నయ్య చుట్ట తీసిండు, ముట్టించలేదు. అందరు ఆయన దిక్కు చూసిండ్రు. "నేనేం చెప్పాలె, ఆడే చెప్పె గద," అని లేచిపోయిండు. గీతను ఎవ్వరు తోలియ్యలేదు.

ఈదమ్మ మణికట్టు వంకరగ అతికింది, నాడె ఇసరరాదు. ఇప్పుడు అక్కచెల్లెండ్లు ఒక్క మగ్గం మీదనే కూసుంటరు. అక్క కాళ్ళతోని తొక్కుతది, చెల్లె నాడె ఇసురుతది. పక్కకు పక్క కూసున్నా ఈదమ్మ గట్టిగనే మాట్లాడ్తది, చెల్లెకు ఎడమ దిక్కు కూసున్నది కాబట్టి.

శివ మళ్ళ పాడలేదు. రెండేండ్లు ఆట ఆగింది. మూడో ఏడు పెంటయ్య మళ్ళొచ్చిండు, అతుకులేసిన హార్మోనియంతోని. రాజు ఏషానికి ఒకాయన పాడిండు, మంచి గొంతు. పంతులు తల ఊపిండు. ఊపి, ఆయనను ఇడిసిపెట్టి ఆడోళ్ళు కూసున్న దిక్కు మొగం తిప్పిండు.

"ఈయన పెండ్లాము ఎవరు బిడ్డా? అమ్మా, తాడు పడ్తవా?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. లేచి ఎనకకు జరిగింది. ఆ అడుగుల చప్పుడు పంతులు ఇన్నడు. ఆనంక హార్మోనియం మూత ఏసి, "ఇంకొకరు రాండ్రి," అన్నడు. ఆ పాడినాయన గొంతు ఎంత బాగున్నా ఇగ పాడనియ్యలేదు. ఇప్పుడు ఎర్రగట్టుల రాజు ఏషానికి గిట్లనే అడుగుతరు, ముందు గొంతు, తర్వాత ఇల్లు.

ఇదీ బిడ్డా ముచ్చట. యాదికి పెట్టుకోండ్రి. ఇంకొకరికి చెప్పేటప్పుడు అమ్మోరు పూనిందని మాత్రం చెప్పకుండ్రి, అట్ల చెప్తె అమ్మోరికే పేరొస్తది. గీత తెల్సే ఇడిసింది తాడు, మళ్ళ తెల్సే పట్టుకున్నది అక్క చెయ్యి. ఆ రెండు ఇడిసిపెట్టకుండ చెప్పుండ్రి. మీ ఇండ్లల్ల ఎవరన్న "గుంతల పడ్డ" అంటె, ఆడ గూడ చెప్పుండ్రి.